తిరపతమ్మకు మరుపు పరీక్ష

మునగలవరంలో ఆడవాళ్ళందరి నడుమూ ఇరవై ఎనిమిదే. పెళ్ళికూతురిదీ ఇరవై ఎనిమిదే, ఆ పెళ్ళికూతురి నాయనమ్మదీ ఇరవై ఎనిమిదే. నలుగుర్ని కని, పెంచి, పెళ్ళిళ్ళు చేసి, మనవల్ని ఎత్తుకున్న చేబ్రోలు సూరమ్మదీ ఇరవై ఎనిమిదే. ఇదేం చోద్యమని బుగ్గలు నొక్కుకోకండి. టైలర్ తిరపతమ్మ కొలతల పుస్తకంలో ముప్పై ఒక్క ఏళ్ళుగా ఇలాగే రాసుంది. రాసున్నదాన్ని కాదనడానికి మనమెవరం?

అసలు సంగతి ఇది. జాకెట్టు కుట్టించుకోవడానికి వచ్చిన ఏ ఆడమనిషైనా కొలతల పుస్తకంలోకి తొంగిచూస్తుంది. తనది చూసుకుని ఊరుకుంటుందా అంటే ఊరుకోదు, పైన రాసినావిడదీ కింద రాసినావిడదీ కూడా చూస్తుంది. షాపు పెట్టిన మొదటి నెల్లోనే ఈ తొంగిచూపుల మూలంగా ఇద్దరు తోడికోడళ్ళకి మాటలు ఆగిపోయాయి. ఆ రోజు నుంచీ తిరపతమ్మ ఒక పద్ధతి పెట్టుకుంది. టేపు చుట్టి, "నడుం ఎంత రాయమంటారమ్మా?" అని వాళ్ళనే అడుగుతుంది. వాళ్ళు చెప్పింది పుస్తకంలో రాస్తుంది. టేపు చెప్పింది మాత్రం నోటితో అనదు, చేత్తో రాయదు, బుర్రలో పెట్టుకుంటుంది.

కత్తిరించేటప్పుడు బుర్రలో ఉన్నదే కత్తిరిస్తుంది. పైగా లోపల కుట్టు పక్కన రెండు వేళ్ళ గుడ్డ ఎక్కువ వదులుతుంది. ఏడాది తిరిగాక వాళ్ళు అదే జాకెట్టు పట్టుకొచ్చి, "ఉతికితే ముడుచుకుపోయిందే తిరపతమ్మా" అంటారు. "అవునమ్మా, పాడు గుడ్డ" అని ఈవిడ లోపలి కుట్టు ఒకటి విప్పి ఇస్తుంది. ముప్పై ఒక్క ఏళ్ళలో ఒక్క ఆడమనిషి కొలత కూడా ఆ షాపు గడప దాటలేదు. తిరపతమ్మకి ఉన్న ఆస్తి అల్లా ఒక తొక్కుడు మిషనూ, ఈ మంచిపేరూను.

అలాంటి షాపు మీదికి, సరిగ్గా వరలక్ష్మీ వ్రతానికి పది రోజుల ముందు, అరవై జాకెట్లు గుట్టపడి ఉన్న సమయంలో, పానకాలరావు గారు దయచేశారు.

పానకాలరావు గారు నిన్నమొన్నటిదాకా పశుగణన విభాగంలో ఉండేవారు. మండలంలో గేదె ఈనితే ఆయనకి తెలియకుండా ఉండేది కాదు. ప్రజల సొంత సమాచారం కంపెనీల పాలబడి అల్లరైపోతోందని పైవాళ్ళకి ఎవరో చెప్పగా, వాళ్ళు హడావిడిగా 'వ్యక్తిగత సమాచార పరమ గోప్యతా పథకం' అని ఒకటి పెట్టి, ఈయన్ని మండల గోప్యతా సంరక్షణాధికారిగా వేశారు. నెలాఖరులోగా మండలానికి నలభై మంది దత్తాంశ ధర్మకర్తల్ని, అంటే నలుగురి సొంత సంగతులూ దగ్గర పెట్టుకున్నవాళ్ళని, పట్టుకోవాలని లెక్క కూడా ఇచ్చారు. ఫోను కంపెనీల జోలికీ బ్యాంకుల జోలికీ పోవద్దు, వాటిని పైన చూసుకుంటారు అన్నారు. ఇక మిగిలింది ఎవరు? ఎవరింట్లో ఎన్ని పాలు పోయించుకుంటారో తెలిసిన పాలాయన, ఎవరికి జుట్టు ఊడుతోందో తెలిసిన మంగలి, తిరపతమ్మ.

ఆయన వెంట హేమచరణ్ అనే కుర్రాడు టై కట్టుకుని వచ్చాడు. సమాచారానికి భద్రత కల్పించే కాంట్రాక్టు దక్కిన కంపెనీ మనిషి. ఆ కంపెనీ పేరు ఊళ్ళో ఎవరికీ నోరు తిరగలేదు, అంచేత అందరూ కంపెనీ అనే అన్నారు.

"ఏమమ్మా," అన్నారు పానకాలరావు గారు కుర్చీలో సర్దుకుని, "నీ వద్ద మహిళా పౌరుల దేహ పరిమాణ దత్తాంశం నిల్వ ఉన్నట్లు విశ్వసనీయంగా తెలియవచ్చింది. కావున నిన్ను దత్తాంశ ధర్మకర్తగా గుర్తించడమైనది."

"ధర్మకర్తంటే గుడికి కదండీ?"

"అది వేరే శాఖ."

తిరపతమ్మ ఫ్యాను వేసి, పుస్తకం కాస్త వెనక్కి జరిపింది. అది చూసి హేమచరణ్ కళ్ళు మెరిశాయి.

"భయపడకండి మేడమ్. ఇలా పుస్తకంలో ఉంటే ఎవరైనా చూస్తారు. మా పోర్టల్లో పెట్టేస్తే సేఫ్. మా భాగస్వాములతో తప్ప మేం ఎవరితోనూ పంచుకోం."

"మీ భాగస్వాములు ఎంతమంది బాబూ?"

"ఎనిమిది వందల నలభై, మేడమ్."

తిరపతమ్మ ఆ కుర్రాడి మొహం చూసింది. వేళాకోళం ఏమీ కాదు, పాపం ఎంతో గౌరవంగానే చెబుతున్నాడు. వేలు పెట్టమని పలక లాంటి ఫోను ఆవిడ ముందు పెట్టాడు. దాని మీద 'నేను అంగీకరిస్తున్నాను' అని పచ్చగా ఒకే ఒక బటనుంది.

"అంగీకరించననేది ఎక్కడ నొక్కాలి?"

"అది వచ్చే వెర్షన్లో వస్తుంది, మేడమ్."

ఆవిడ చెయ్యి వెనక్కి తీసుకుంది. పానకాలరావు గారు నిట్టూర్చి, సంచీలోంచి లక్కా కొవ్వొత్తీ తీశారు. పది నిమిషాల్లో కొలతల పుస్తకం జప్తు అయింది. ఊళ్ళోవాళ్ళు కొలత కోసం ఇచ్చిపోయిన రెండు వందల పన్నెండు ఆది జాకెట్లకి పంచనామా జరిగింది. ఒక్కో జాకెట్టునీ పిలిపించిన వీఆర్వో రెండు వేళ్ళతో ఎత్తి పట్టుకోవడం, పానకాలరావు గారు అటు తిరిగి నిలబడి రాసుకోవడం. ఆఖరికి మిషను చక్రానికి కూడా ఎర్రగా సీలు పడింది.

"అయ్యగారూ, పండగ దగ్గరకొచ్చింది," అంది తిరపతమ్మ. "ఆ మిషను తొక్కకపోతే నాకు పొయ్యి వెలగదండీ. పుస్తకం తీసుకుపోయారు, జాకెట్లు తీసుకుపోయారు. ఇంకేం ఉందని సీలేశారు?"

"నీ బుర్రలో ఉన్నది ఉందిగా. చట్టప్రకారం ప్రతి పౌరునికీ మరువబడు హక్కు కలదు. నువ్వు అందర్నీ మర్చిపోయినట్టు విస్మరణ ధ్రువపత్రం పొందాకనే మిషను విడుదల చేయబడును. పొందలేకపోతే శాశ్వత జప్తు."

ఈ మాట చెప్పిన పానకాలరావు గారి భార్య స్వరాజ్యం గారు తిరపతమ్మ దగ్గర ఇరవై ఏళ్ళుగా కుట్టించుకుంటున్నారు. ఆ రెండు వందల పన్నెండు జాకెట్లలో, నీలం అంచుదీ, చేతులకి బుట్టలున్నదీ ఆవిడదే. అది పదిహేడో నంబరుగా సంచీలో పడింది, ఆయన గుర్తుపట్టలేదు.

మూడో రోజున సచివాలయం గోడ మీద జాబితా అంటించారు. ఏ పథకానికైనా లబ్ధిదారుల జాబితా గోడకి అంటించి అభ్యంతరాలు ఆహ్వానించాలన్నది ఆనవాయితీ. గోప్యత కూడా పథకమే కనక దానికీ అంటించారు. పైన పెద్దక్షరాలతో 'ఈ దిగువ కనబరచిన మహిళల కొలతలు పరమ రహస్యముగా ఉంచబడును, అభ్యంతరములున్నచో ఏడు రోజుల లోపు తెలుపవలెను' అని ఉంది. కింద పేరు, ఇంటి నంబరు, ఫోను నంబరు, నడుము. ఫారాలు కొత్తవి అచ్చుకాలేదని పశుగణన ఫారాలే వాడారు, అందువల్ల చివర 'కొమ్ములు' అని ఒక గడి కూడా వచ్చింది. అందులో అందరికీ 'లేవు' అని రాశారు. మైకు కట్టిన ఆటో ఒకటి, ఈ రహస్య జాబితాని అందరూ వచ్చి చదువుకోవాలని వీధి వీధీ తిరిగి చెప్పింది.

ఆడవాళ్ళు కొంగులు బిగించి వచ్చారు. ముందు సూరమ్మ, వెనకాల నూటయాభై మంది. ఎవరి చేతిలో ఏముందో చెప్పను కానీ, సచివాలయం సిబ్బంది తలుపులు వేసుకున్నారు. తిరపతమ్మ గుంపు చివర నిలబడింది. పుస్తకం తన దగ్గర్నుంచే పోయింది, ఈ రోజుతో తన పేరు గోదాట్లో కలిసినట్టే అనుకుంది.

సూరమ్మ కళ్ళజోడు సర్దుకుని జాబితా చదివింది. తనది చదివింది, పైనావిడది చదివింది, కిందావిడది చదివింది. చీపురు కిందికి దిగింది.

"ఇరవై ఎనిమిదని అచ్చు వేశారే," అంది మెల్లిగా.

"సర్కారు ముద్ర కూడా ఉందత్తా," అంది ఇంకొకావిడ.

ఒకామె ఫోను తీసి గోడకి ఫోటో కొట్టి, దుబాయిలో ఉన్న మొగుడికి పంపింది. తర్వాత అందరూ అదే పని చేశారు. మధ్యాహ్నానికి గోడ ముందు పసుపు నీళ్ళు చల్లి ముగ్గు వేశారు. గడువు మొత్తానికి వచ్చిన అభ్యంతరం ఒక్కటే, అది సూరమ్మ ఇచ్చింది. తన కోడలి పేరు ఎదురుగా కొమ్ములు లేవని రాయడం వాస్తవ విరుద్ధమని, విచారించి సరిచేయవలసిందని ప్రార్థన.

ఎనిమిదో రోజున మండలాఫీసు సమావేశ మందిరంలో తిరపతమ్మకు మరుపు పరీక్ష పెట్టారు. మర్చిపోయిందో లేదో బహిరంగంగా తేల్చాలని నిబంధన ఉంది. అందుకని ఊరంతా వచ్చింది. మగాళ్ళు కూడా వచ్చారు, వద్దంటే మానతారా? హేమచరణ్ పద్ధతి వివరించాడు.

"చాలా సింపుల్ మేడమ్. ఒక్కొక్కరూ వచ్చి మీ ఎదురుగా నిలబడతారు. మీరు నడుం కొలత చెప్పాలి. మీ పుస్తకంలోంచి పోర్టల్లోకి ఎక్కించిన అంకే చెప్పారనుకోండి, గుర్తున్నట్టు. ఫెయిల్. వేరే అంకె చెబితే మర్చిపోయినట్టు. పాస్."

"తెలీదంటే?"

"తెలీదంటే దాస్తున్నట్టు. అదీ ఫెయిలే."

తిరపతమ్మ లెక్క వేసుకుంది. పోర్టల్లో ఉన్నది ఇరవై ఎనిమిది. అది చెబితే మిషను పోతుంది. వేరే అంకె చెప్పాలి. వేరే అంకె అంటే ఆవిడ బుర్రలో ఉన్నది ఒకటే, టేపు చెప్పింది. అది చెబితే మిషను దక్కుతుంది, ధ్రువపత్రం కూడా ఇస్తారు. ఇంతమంది మగాళ్ళ ముందు ఊళ్ళో ఆడవాళ్ళ పరువు మాత్రం బజార్న పడుతుంది. మిషనో మాటో ఏదో ఒకటే మిగిలేట్టుంది.

"ఆదర్శం అధికారి ఇంటి నుంచే ప్రారంభం కావలెను," అని పానకాలరావు గారు సెలవిచ్చారు. స్వరాజ్యం గారు మెల్లిగా లేచి వచ్చి తిరపతమ్మ ఎదురుగా నిలబడ్డారు. కొంగు భుజం మీద నుంచి నిండుగా కప్పుకున్నారు. కాలేజీ మాన్పించి తీసుకొచ్చిన ఇద్దరు కూతుళ్ళూ, పానకాలరావు గారి ముగ్గురు తమ్ముళ్ళూ, వీఆర్వో మెడలు సాచి చూస్తున్నారు. స్వరాజ్యం గారు తిరపతమ్మ కళ్ళలోకి చూశారు. పోయిన మాఘమాసంలో రెండో కుట్టు కూడా విప్పిన సంగతి వాళ్ళిద్దరికే తెలుసు.

తిరపతమ్మకి మిషను చక్రం కళ్ళ ముందు తిరిగింది. దేవుడా, దారి చూపించు అనుకుంది. అప్పుడు తట్టింది, వేరే అంకె అంటే పైకే వెళ్ళాలని ఎవరన్నారు?

"ఇరవై ఆరు," అంది.

హేమచరణ్ పోర్టల్ చూసి, "మర్చిపోయారు. పాస్," అన్నాడు. స్వరాజ్యం గారు కొంగు సర్దుకుని, నవ్వు ఆపుకుంటూ వెళ్ళి కూర్చున్నారు. వెనక వరసలో ఆడవాళ్ళు ఒకరి మీద ఒకరు పడి క్యూ కట్టారు. సూరమ్మ నిలబడితే ఇరవై ఆరు. సూరమ్మ వియ్యపురాలు నిలబడితే ఇరవై ఆరు. జాబితాలో పేర్లు లేనివాళ్ళు కూడా వచ్చి, మా కొలత కూడా మర్చిపొమ్మని పట్టుబట్టారు. సాయంత్రానికి మూడు వందల మందిని మర్చిపోయి, తిరపతమ్మ విస్మరణ ధ్రువపత్రం పుచ్చుకుని, మిషను సీలు ఊడదీయించుకుంది.

కథ ఇక్కడితో అయిపోవాల్సింది. కానీ ధర్మకర్త నోటి వెంట వచ్చిన తాజా సమాచారాన్ని పోర్టల్లో నవీకరించవలెనని ఇంకో నిబంధన ఉంది. ఆపరేటరు శ్రద్ధగా నవీకరించాడు. కంపెనీవాళ్ళ కంప్యూటరు, ఎక్కడో చల్లటి గదిలో ఉన్నది, ఈ లెక్క చూసి అదిరిపోయింది. మునగలవరంలో ముసలీ ముతకా అనకుండా ప్రతి ఆడమనిషికీ ఎనిమిది రోజుల్లో రెండంగుళాల నడుం తరిగిపోయింది. ఈ లెక్కన కార్తీకమాసానికి ఒక్కరూ మిగలరు.

పరమ రహస్యంగా ఈ కబురు ఎనిమిది వందల నలభై మంది భాగస్వాములకీ వెళ్ళింది. తెల్లారేసరికి ఊళ్ళో ఆడవాళ్ళ ఫోన్లు మోగడం మొదలెట్టాయి. ఒకడు బలం పొడి కొనమన్నాడు, ఒకడు నెయ్యి సగం ధరకే ఇస్తానన్నాడు, ఒకడు బీమా చెయ్యనన్నాడు. "మీవాళ్ళకి శ్రమ లేకుండా దహన సంస్కారాల ప్యాకేజీ ముందే బుక్ చేసుకోండి" అని సూరమ్మకి తియ్యటి గొంతుతో ఒక అమ్మాయి ఫోను చేసింది. సూరమ్మ ఆ అమ్మాయికి పెళ్ళయిందో లేదో కనుక్కుని, ఓ గంట బుద్ధులు చెప్పి పెట్టేసింది.

జిల్లా నుంచి రెండు లారీల కోడిగుడ్లూ వేరుశనగ చిక్కీలూ దిగాయి. వెంట డాక్టరు గారొచ్చారు. ఎదురుగా నిలబడ్డ ఆడవాళ్ళని ఆయన పైనుంచి కిందిదాకా చూశాడు.

"వీళ్ళు బాగానే ఉన్నారు కదండీ?" అన్నాడు అనుమానంగా.

"కంటికి అగుపించునది ప్రమాణం కాదు," అన్నారు పానకాలరావు గారు. "పోర్టల్ యందు ఉన్నదే ప్రమాణం."

డాక్టరు గారు ఆలోచించి, ఆకలి వాపు అని రాసుకున్నాడు. మనిషికి రోజుకి నాలుగు గుడ్లూ అరడజను చిక్కీలూ, తినేదాకా పక్కన ఒక ఉద్యోగి నిలబడేటట్టు ఏర్పాటు చేశారు. పది రోజులు ఇలా సాగేసరికి, మునగలవరంలో ఉతికిన ప్రతి జాకెట్టూ ముడుచుకుపోయింది. తిరపతమ్మ వరసగా కుట్లు విప్పుతూనే ఉంది.

ఇంత పెద్ద ఉపద్రవాన్ని ముందుగా కనిపెట్టినందుకు, సమాచారం ఒక్క చుక్క కూడా బయటికి పొక్కకుండా కాపాడినందుకు, పానకాలరావు గారికి రాష్ట్ర స్థాయి సన్మానం ప్రకటించారు. సతీసమేతంగా రావాలన్నారు. కంపెనీవాళ్ళు ముచ్చటపడి స్వరాజ్యం గారికి పట్టుచీర, దానికి తగ్గ జాకెట్టు పంపారు. జాకెట్టు పోర్టల్ ప్రకారం కుట్టించారు.

సన్మానం రేపనగా, మధ్యాహ్నం రెండింటికి, పానకాలరావు గారు చేతిలో సంచీతో తిరపతమ్మ షాపు మెట్లెక్కారు. మొహం వాడిపోయి ఉంది.

"ఆవిడ గదిలో తలుపేసుకుంది," అన్నారు. "ఒక చెయ్యి దూరింది, రెండోది దూరలేదు. రేపు రానంటోంది. ఇరవై ఏళ్ళ సర్వీసులో ఒక్క సన్మానం తిరపతమ్మా."

"ఆది జాకెట్టు ఉంటే ఇప్పుడే కుట్టేద్దునండీ."

"అది సీల్డ్ గదిలో ఉంది. తీయాలంటే ముగ్గురు సభ్యుల కమిటీ వెయ్యాలి."

తిరపతమ్మ కంపెనీ జాకెట్టు తిరగేసి చూసింది. లోపల వేలెడు గుడ్డ కూడా వదల్లేదు. విప్పడానికి ఏమీ లేదు. మనిషి మొహం చూడకుండా కుట్టినవాళ్ళకి ఆ బుద్ధి ఎలా వస్తుంది, అనుకుని పక్కన పెట్టేసింది. సంచీలోని పట్టుచీర చివర ఉన్న జాకెట్టు ముక్క కత్తిరించి బల్ల మీద పరిచింది.

"మీరు అటు తిరిగి కూర్చోండి," అంది. "కొలత చూడకూడదు."

ఆయన బుద్ధిగా అటు తిరిగి కూర్చున్నారు. వెనక కత్తెర చప్పుడు, తర్వాత మిషను చప్పుడు. ఐదయ్యేసరికి జాకెట్టు తయారైంది. సంచీలో పెట్టించుకుని, మెట్టు దిగబోయి, ఆయన ఆగారు. చుట్టూ చూసి, ఆఫీసు భాష వదిలేసి, గొంతు తగ్గించి అడిగారు.

"నీకు అందరివీ గుర్తున్నాయని నాకు తెలుసమ్మా. ఎక్కడా రాయను, ఎవరికీ చెప్పను. మా ఆవిడది అసలు ఎంత?"

తిరపతమ్మ ఫ్రేము కట్టించి గోడకి తగిలించిన ధ్రువపత్రం వైపు చూపించింది.

"మర్చిపోయానండీ," అంది. "కింద మీ సంతకమే ఉంది."

సన్మానం బ్రహ్మాండంగా జరిగింది. మర్నాడు పొద్దున్నే స్వరాజ్యం గారు షాపుకొచ్చారు. చేతిలో ఇంకో జాకెట్టు ముక్క ఉంది. దండ వెయ్యడానికి చేతులెత్తినా ఎక్కడా బిగుతు లేదని చెప్పి, తిరపతమ్మ రెండు చేతులూ పట్టుకున్నారు.

"ఆయన అడిగారా?"

"అడిగారమ్మా."

"చెప్పావా?"

"అయ్యో, నేనెందుకు చెబుతాను."

స్వరాజ్యం గారి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. వెంటనే తుడుచుకుని, ఠీవిగా నిలబడి చేతులు పైకెత్తారు. తిరపతమ్మ టేపు చుట్టి చూసుకుంది. పది రోజుల గుడ్లూ చిక్కీలూ ఊరికే పోలేదు. కొత్త పుస్తకం తెరిచి, కలం పట్టుకుంది.

"నడుం ఎంత రాయమంటారమ్మా?"

స్వరాజ్యం గారు కాస్త ఆలోచించారు.

"ఇరవై నాలుగు రాసుకో."

తిరపతమ్మ ఇరవై నాలుగని గుండ్రంగా రాసింది. తర్వాత గుడ్డ పరిచి, కత్తెర తీసుకుని, ఈసారి లోపల నాలుగు వేళ్ళు వదిలింది.